బుడిబుడి అడుగులతో భాగ్యనగరానికి!

రెండేళ్ల పిడుగుతో రెండ్రోజుల షికారు... తలచుకుంటేనే గుండె దడదడలాడుతోందా? చూడాల్సిన చోట్లు తగ్గించి, బుజ్జాయి నిద్రవేళలు కలుపుకొని లెక్క వేసుకుంటే అదేమంత కష్టం కాదు. విజయవాడ నుంచో వరంగల్ నుంచో వారాంతంలో హైదరాబాద్ చూసిరావాలనుకునే కుటుంబాల కోసమే ఈ కబుర్లు.

పెళ్లైన కొత్తలో ఆదివారం వస్తే చాలు... ఎటో ఒకవైపు చెక్కేసేవారు. సినిమా అంటే సినిమా, షికారంటే షికారు. ఇంట్లోకి బుజ్జాయి వచ్చాక కథ మారిపోయింది. 'వాడు కాస్త పెద్దయ్యాక వెళ్దాంలే' అంటూ ఒక ఏడాది గడిచిపోయింది. రెండో ఏడూ గడిచిపోతోంది.

ఎప్పుడైనా ధైర్యం చేసి బయల్దేరారే అనుకోండి... పాత అలవాటు కొద్దీ పెద్ద జాబితా తయారవుతుంది. శనివారం పొద్దున్న చార్మినార్, మధ్యాహ్నం మ్యూజియం, సాయంత్రం ట్యాంక్‌బండ్. ఆదివారం పొద్దున్న గోల్కొండ, ఆ తర్వాత జూ, వీలుంటే బిర్లా మందిర్! రెండో చోటికి చేరేసరికే పిల్లాడు రాగం అందుకుంటాడు. నాన్న విసుక్కుంటాడు. అమ్మ వాణ్ని చంకనేసుకుని ఏ చెట్టు కిందో కూర్చుంటుంది. 'నే ముందే చెప్పానా' అంటుంది నానమ్మ. ఇంటికి చేరాక పిల్లాడికి ఒళ్లు వెచ్చబడుతుంది, పెద్దలకు నడుములు పట్టేస్తాయి. 'ఇంకోసారి వెళ్తే ఒట్టు' అని తీర్మానం చేసేస్తారు.

తప్పు పిల్లాడిది కాదు. జాబితాది!

ముందు లెక్క... తర్వాతే టికెట్

పెద్దవాళ్ల ప్రయాణానికి డబ్బు లెక్క ముఖ్యం. పసివాళ్ల ప్రయాణానికి నిద్ర లెక్క ముఖ్యం. ఏడాది నుంచి రెండేళ్ల వయసున్న పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో చెప్పింది. మూడు, నాలుగేళ్ల వాళ్లకు 10 నుంచి 13 గంటలు. ఊరు మారితే ఈ లెక్క మారదు. హైదరాబాద్ వచ్చామని పిల్లాడి కళ్లు మూతలు పడకుండా ఉండవు కదా!

ఇప్పుడు కూడికలూ తీసివేతలూ చేద్దాం. రోజుకు 24 గంటలు. నిద్రకు 12 తీసేయండి. స్నానం, మూడుపూటలా తిండి, మధ్యలో పాలు, బట్టలు మార్చడం... వీటికి తక్కువలో తక్కువ నాలుగైదు గంటలు. అటూ ఇటూ తిరగడానికి రెండు గంటలు. ఇక మిగిలిందెంత? అయిదు గంటలు! అదీ ఒక్కచోట కాదు, పొద్దున్న కొంత, సాయంత్రం కొంత. అంటే పొద్దున్న ఒకచోటు, సాయంత్రం ఒకచోటు. అంతకుమించి చూడాలనుకుంటే ఆ సమయాన్ని పిల్లాడి నిద్రలోంచో తిండిలోంచో లాక్కోవాల్సిందే. లాక్కున్నదానికి వాడు వడ్డీతో సహా వసూలు చేస్తాడు... నడిబజార్లో, అందరి ముందూ!

కాబట్టి టికెట్లు తీసుకునేముందు ఓ మూడు రోజులు మీ బుజ్జాయిని గమనించండి. ఎన్నింటికి లేస్తోంది, ఎన్నింటికి కునుకు తీస్తోంది, ఏ వేళకి హుషారుగా ఉంటోంది... ఓ కాగితం మీద రాసుకోండి. మీ ప్రయాణ ప్రణాళిక సగం తయారైపోయినట్టే.

రైలా... బస్సా... కారా?

పిల్లలతో ప్రయాణానికి రైలే రాజు. లేవొచ్చు, నడవొచ్చు, కిటికీలోంచి మేకల్ని చూడొచ్చు, మరుగుదొడ్డికి వెళ్లాలంటే బండి ఆపమని ఎవర్నీ బతిమాలక్కర్లేదు. అయిదేళ్లలోపు పిల్లలకు బెర్తు అక్కర్లేదనుకుంటే రైల్లో టికెట్టే వద్దు. బెర్తు కావాలంటే మాత్రం పెద్దవాళ్లకిచ్చినంతా ఇవ్వాలి. చైర్‌కార్‌లో అయిదారు గంటల ప్రయాణమైతే ఈ విషయం కాస్త ఆలోచించండి. టికెట్ లేదంటే సీటూ లేదు, అంటే దారంతా పిల్లాడు మీ ఒళ్లోనే! ఒక్క సీటు డబ్బులతో ఇద్దరి నడుములు నిలబడతాయంటే అది దండగ ఖర్చేం కాదు.

మరో సంగతి. టికెట్ మీద దిగే స్టేషన్ పేరు ఓసారి సరిచూసుకోండి. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ ప్రారంభమయ్యాక కొన్ని రైళ్లు సికింద్రాబాద్ బదులు అక్కడికి వెళ్తున్నాయి. సికింద్రాబాద్‌లో దిగితే పక్కనే మెట్రో ఉంటుంది. చర్లపల్లికి మెట్రో లేదు. నిద్రపోతున్న పిల్లాడు, రెండు సంచులు చేతిలో ఉన్నప్పుడు ఈ తేడా చాలా పెద్దది.

ఆర్టీసీ బస్సులోనూ అయిదేళ్లలోపు వాళ్లకు టికెట్ లేదు. కాకపోతే వాంతులయ్యే పిల్లలకు బస్సు కష్టమే. చక్రాల మీది సీట్లు వద్దు, మధ్యలోవి తీసుకోండి. ఎక్కడానికి గంట ముందే తేలిగ్గా తినిపించేయండి. కడుపు నిండా పాలు పట్టి బస్సెక్కించారంటే సూర్యాపేట రాకముందే మీ చీర మార్చుకోవాల్సి వస్తుంది!

సొంత కారైతే మరీ మంచిది, ఆగాలనుకున్నచోట ఆగొచ్చు. విజయవాడ నుంచి హైదరాబాద్‌కు 270 కిలోమీటర్ల పైచిలుకు. దారిలో రెండుసార్లయినా దిగి పిల్లాణ్ని పరిగెత్తనివ్వండి. ముందు సీట్లో అమ్మ ఒళ్లో కూర్చోబెట్టడం మాత్రం వద్దే వద్దు. సడెన్ బ్రేకు పడితే ఎంత గట్టిగా పట్టుకున్నా చేతులు ఆపలేవు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే మరీ ప్రమాదం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకు సీటుబెల్టో, పిల్లల ప్రత్యేక సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా కూడా. జరిమానా సంగతి అటుంచండి... వెనక సీట్లో బిగించిన బుల్లి సీటుకు ఇంట్లో ఉన్నప్పుడే నాలుగు రోజులు అలవాటు చేస్తే, ప్రయాణం రోజు పేచీ ఉండదు.

గదిని మోకాళ్ల మీద చూడండి

'ఏసీ ఉందా, టీవీ ఉందా' అని అడగడం పాతమాట. బుజ్జాయితో వెళ్లేవాళ్లు అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. లిఫ్టు ఉందా? బాల్కనీకి గ్రిల్ ఉందా? పాలు వేడిచేసుకునే వీలుందా? మధ్యాహ్నానికి ముందే చేరితే గది ఇస్తారా? ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. చాలా హోటళ్లలో మధ్యాహ్నం 12 గంటల తర్వాతే గది చేతికొస్తుంది. అప్పటిదాకా లాబీ సోఫాలో పిల్లాణ్ని జోకొట్టడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుసు.

ఎక్కడ దిగాలి? నాంపల్లి, లక్డీకాపూల్, ఖైరతాబాద్ ప్రాంతాలైతే అటు హుస్సేన్‌సాగర్, ఇటు పబ్లిక్ గార్డెన్స్ దగ్గర్లోనే ఉంటాయి. మూడుచోట్లా మెట్రో స్టేషన్లున్నాయి. చవగ్గా వస్తోందని ఊరి చివర గది తీసుకుంటే మధ్యాహ్నం కునుక్కి వెనక్కి రాలేరు. అప్పుడు మన లెక్క మొత్తం తప్పిపోతుంది.

గదిలోకి వెళ్లగానే చేయాల్సిన పని ఒకటుంది. మోకాళ్ల మీద వంగి, పిల్లాడి ఎత్తు నుంచి గదిని ఓసారి చూడండి. కిందకి వేలాడే కెటిల్ వైరు, చేతికందే ప్లగ్గులు, గాజుబల్ల అంచు, మంచం కింద ఎవరో వదిలేసిన మాత్ర... నిలబడితే కనిపించనివన్నీ కనిపిస్తాయి. గీజరు నీళ్లు మీ మోచేత్తో చూశాకే పిల్లాడి మీద పోయండి. బాత్రూమ్‌లో నిండు బకెట్ ఉంచొద్దు. మంచం ఎత్తుగా ఉంటే పరుపు కిందకి దించేయమనండి. హోటల్ వాళ్లు ఏమనుకుంటారో అన్న మొహమాటం వద్దు.

ఏం చూద్దాం... ఎలా చూద్దాం?

అసలు పిల్లలకు ఏం నచ్చుతుంది? మీరు పులిని చూపిస్తుంటే వాడు ఉడతను చూస్తాడు. బుద్ధుడి విగ్రహం చూడరా అంటే బెలూన్లు అమ్మేవాణ్ని చూస్తాడు. అది వాడి షికారు మరి! అందుకే వాడికి ఆట, మీకు చూడ్డానికి ఏదో ఒకటి... రెండూ ఉన్న చోట్లే ఎంచుకోండి.

నెహ్రూ జూపార్క్: 1963 నుంచి సందర్శకులను అలరిస్తున్న ఈ జూ విస్తీర్ణం 380 ఎకరాలు. అంతా నడిచి చూడాలనుకుంటే మీరే చేతులెత్తేస్తారు. బ్యాటరీ బండి ఎక్కండి. ఏనుగు, జిరాఫీ, కోతులు, పక్షులు... ఈ నాలుగూ చూస్తే చాలు, పిల్లాడు వారంరోజులు కథలు చెబుతాడు. పొద్దున్నే తెరవగానే వెళ్లండి. ఆ వేళ జంతువులూ హుషారుగా ఉంటాయి, మీవాడూ హుషారుగా ఉంటాడు. ఎండ ముదిరాక రెండూ పడుకుంటాయి. సోమవారం జూకి సెలవు.

సాలార్‌జంగ్ మ్యూజియం: వేల కళాఖండాలున్నా మీ బుజ్జాయికి కావాల్సింది ఒక్కటే... గంటల గడియారం! ప్రతి గంటకూ ఓ గడ్డపు బొమ్మ బయటికొచ్చి టంగ్ టంగ్‌మని గంట కొడుతుంది. అందరూ 12 గంటలకు వెళ్తారు, ఆ వేళ ఇసకేస్తే రాలనంత జనం. మీరు 11 గంటలకు వెళ్లండి. దెబ్బ ఒక్కటే తక్కువ, జనం చాలా తక్కువ! అది చూశాక ఒకరు పిల్లాడితో వరండాలో ఉంటే ఇంకొకరు మేలిముసుగు రెబెకాను చూసి రావచ్చు. తర్వాత మార్చుకోవచ్చు. శుక్రవారం ఈ మ్యూజియం తెరవరు.

హుస్సేన్‌సాగర్: సాయంత్రం ఎండ తగ్గాక ఇదే సరైన చోటు. లుంబినీ పార్కు నుంచి పడవలో బుద్ధవిగ్రహం దగ్గరికి వెళ్లొచ్చు. 1992 డిసెంబరులో సాగర్ మధ్యన నిలబెట్టిన ఆ బుద్ధుణ్ని పెద్దలు కళ్లారా చూసుకోవచ్చు. పడవ ఎక్కేముందు ఒక్క షరతు... పిల్లాడికి సరిపోయే లైఫ్‌జాకెట్ ఉంటేనే ఎక్కండి. పెద్దవాళ్లది తొడిగి తాడు బిగిస్తే అది రక్షణ కాదు, నీళ్లలో పడితే జారిపోతుంది. సరిపోయేది లేదంటే ఒడ్డున కూర్చుని మొక్కజొన్న పొత్తు తినడంలో ఉన్న మజా వేరు!

పబ్లిక్ గార్డెన్స్: టికెట్ల హడావుడి లేకుండా పిల్లాణ్ని గడ్డిలో వదిలేయడానికి నగరం నడిబొడ్డున ఇంతకన్నా మంచి చోటు దొరకదు. అసెంబ్లీ మెట్రో స్టేషన్‌లో దిగితే పక్కనే.

మెట్రో: నవ్వకండి, మీ పిల్లాడి దృష్టిలో హైదరాబాద్‌లో అన్నిటికన్నా గొప్ప వింత ఇదే కావచ్చు. 2017 నవంబరులో మొదలైన మెట్రోలో మూడు మార్గాలున్నాయి. మూడడుగుల్లోపు ఎత్తున్న పిల్లలకు టికెట్ అక్కర్లేదు. మధ్యాహ్నం రద్దీ లేని వేళ నాలుగు స్టేషన్లు అటు, నాలుగు స్టేషన్లు ఇటు తిప్పండి... మేడలన్నీ కిందకి కనిపిస్తుంటే వాడి ముఖం చూడాలి! స్టేషన్లో ఎస్కలేటర్ మీద మాత్రం పిల్లాణ్ని ఎత్తుకునే ఎక్కండి. మెత్తటి రబ్బరు చెప్పులు మెట్ల సందుల్లో ఇరుక్కునే ప్రమాదముంది. లిఫ్టు ఉంటుంది, అదే వాడుకుంటే మరీ మేలు.

ఇవి మరోసారి!

గోల్కొండ గొప్పదే. కానీ పైన బాలాహిస్సార్ చేరాలంటే మూడొందలకు పైగా మెట్లు. పన్నెండు కిలోల పిల్లాణ్ని ఎత్తుకుని ఎక్కడం షికారు కాదు, శిక్ష! చార్మినార్ పైకి వెళ్లే మెట్లూ ఇరుకే, నిటారే. అయితే చార్మినార్‌ను కింద నుంచి చూడటానికేం? ఆదివారం పొద్దున్నే, కొట్లు తెరవకముందే వెళ్లండి. పక్కన మక్కామసీదు దగ్గర పావురాలు గుంపులుగా వాలుతుంటాయి. వాటి వెనక పరిగెత్తడానికే మీవాడికి ఉదయమంతా చాలదు. 1591 నాటి కట్టడం ముందు మీకో ఫొటో, పావురాల వెనక వాడికో ఫొటో!

రామోజీ ఫిల్మ్‌సిటీకి పూర్తిగా ఒక రోజు కావాలి. అక్కడి ప్రదర్శనలు పెద్ద పిల్లలకు నచ్చుతాయి. బిర్లా ప్లానెటోరియంలో ఒక్కసారిగా చీకటి కమ్ముకుంటే రెండేళ్ల వాడు హడలిపోతాడు. జనవరిలో వెళ్తే నుమాయిష్ ఊరిస్తుంది. తెరిచిన వేళకే వెళ్లి, జనం పెరగకముందే బయటపడగలిగితే సరే. లేదంటే అదీ మరోసారికే.

చేతిలో పెట్టుకోండి... ఓ నమూనా

శనివారం: పొద్దున్న రైలు. మధ్యాహ్నానికి గది. భోజనం, నిద్ర. ఈ నిద్ర విషయంలో రాజీ లేదు. సాయంత్రం నాలుగున్నరకు లేచి, పాలు తాగి హుస్సేన్‌సాగర్‌కు. ఏడున్నరకల్లా భోజనం. తొమ్మిదికి లైట్లు ఆర్పేయడమే.

ఆదివారం: పొద్దున్నే టిఫిన్ చేసి జూకి. పదకొండున్నరకు వెనక్కి. భోజనం, నిద్ర. సాయంత్రం మెట్రోలో స్టేషన్‌కు. మెట్రో చూసినట్టూ ఉంటుంది, స్టేషన్‌కు చేరినట్టూ ఉంటుంది.

'రెండు రోజుల్లో రెండే చోట్లా?' అంటారేమో. అవును, రెండే. మూడోది ఉంటే బాగుండునని అనిపించేటప్పుడే వెనక్కి రావాలి. అప్పుడే మళ్లీ వెళ్లాలనిపిస్తుంది.

బుజ్జి బొజ్జ... జాగ్రత్త

హైదరాబాద్ అంటే బిర్యానీ. అది మీకు. పిల్లాడికి ఇడ్లీ, పెరుగన్నం, అరటిపండు, మెత్తటి చపాతీ. ఊరెళ్లినప్పుడు కొత్త రుచులు అలవాటు చేయడం మంచిదే కానీ, రెండు రోజుల ప్రయాణంలో ప్రయోగాలు వద్దు. ఓ డబ్బాలో మరమరాలు, ఇంట్లో కొట్టిన ఉగ్గుపొడి ఉంటే ఏ అర్ధరాత్రైనా ఆకలి తీరుతుంది. వేరుసెనగలు, పుట్నాలు, పాప్‌కార్న్, గుండ్రటి ద్రాక్షలు చిన్నపిల్లల గొంతులో అడ్డుపడతాయి. బండి ఊగుతున్నప్పుడు అసలే పెట్టొద్దు. ద్రాక్ష పెట్టాలంటే నిలువునా నాలుగు ముక్కలు కోసి పెట్టండి.

నీళ్లు ఇంటి నుంచి తెచ్చుకున్నవో, మూత తీయని సీసాలోవో మాత్రమే. చెరకురసం, ఐసుముక్కలు, కోసిపెట్టిన పండ్లు వద్దు.

విరేచనాలు పట్టుకుంటే అసలు మందు ఓఆర్‌ఎస్సే. లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. సగం పొడి, సగం నీళ్లు అని అంచనాలు వేయొద్దు. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలి. రెండేళ్లలోపు వాళ్లకు విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, రెండేళ్లు దాటితే 100 నుంచి 200 మిల్లీలీటర్లు పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టండి. కొనేటప్పుడు ఆ ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్యసంస్థ సూత్రం ప్రకారం తయారైందో లేదో చూడండి. చక్కెర ఎక్కువున్న తియ్యటి పానీయాలను కొందరు ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మడంపై హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. అలాంటి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆదేశించింది.

పిల్లాడు మందకొడిగా ఉన్నా, ఆరేడు గంటలుగా మూత్రం పోయకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా, తాగిందంతా కక్కేస్తున్నా... షికారు అక్కడితో ఆపేసి ఆసుపత్రికి వెళ్లండి. 108 నంబరు ఏ జిల్లా నుంచి వచ్చినవాళ్లకైనా పలుకుతుంది.

నిద్రమందు కాదది!

కొందరు పెద్దలు ఓ చిట్కా చెబుతారు. 'రైలెక్కేముందు కాస్త జలుబు సిరప్ పట్టెయ్యమ్మా, దారంతా పడుకుంటాడు' అని. ఇది వినొద్దు. జలుబు మందులోని మత్తు పసివాళ్ల ఊపిరి మీదా గుండె మీదా ప్రభావం చూపొచ్చు. అసలు రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు వాడొద్దని కేంద్ర ఆరోగ్యశాఖ 2025 అక్టోబరులో రాష్ట్రాలకు స్పష్టంగా చెప్పింది. జ్వరం మందు కూడా మీ డాక్టరు పిల్లాడి బరువు చూసి రాసిచ్చిన మోతాదులోనే వాడాలి. బయల్దేరేముందు ఓసారి వెళ్లి ఆ మోతాదు చీటీ మీద రాయించుకుని సంచిలో పెట్టుకోండి.

జనంలో చెయ్యి వదిలితే...

రెండేళ్ల పిల్లలకు పేరు చెప్పడం వస్తుంది, ఫోన్ నంబరు చెప్పడం రాదు. ఓ చీటీ మీద మీ ఇద్దరి నంబర్లూ రాసి వాడి జేబులో పెట్టి పిన్నీసుతో కాకుండా నాలుగు కుట్లు వేయండి. పొద్దున్న బట్టలు వేయగానే ఫోన్లో ఓ ఫొటో తీసుకోండి. 'ఏ రంగు చొక్కా?' అని ఎవరైనా అడిగినప్పుడు కంగారులో గుర్తురాదు. 'ఎవరు చూస్తున్నారు?' అన్న ప్రశ్నకు ఎప్పుడూ ఒక్క పేరే జవాబుగా ఉండాలి. 'అందరం చూస్తున్నాం' అంటే ఎవరూ చూడట్లేదనే అర్థం. ఒకరి నుంచి ఇంకొకరికి అప్పగించేటప్పుడు 'ఇక నువ్వు చూడు' అని నోటితో చెప్పండి. కనిపించకపోతే ఆలస్యం చేయకుండా అక్కడున్న సెక్యూరిటీకి చెప్పి గేటు దగ్గర ఒకర్ని నిలబెట్టండి. 112కి, పిల్లల సాయానికి 1098కి ఫోన్ చేయొచ్చు. రైల్లోనైతే 139.

అమ్మకూ సెలవే... నానమ్మకూ!

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. చాలా ఇళ్లలో షికారంటే వంటిల్లు ఊరు మారడమే. పాలు కలిపేదీ, డైపర్ మార్చేదీ, అన్నం తినిపించేదీ, రాత్రి జోకొట్టేదీ అమ్మే. ఫొటోలు తీసేది నాన్న! వచ్చాక ఆల్బమ్ చూస్తే అన్నింట్లోనూ ఆమె పిల్లాడి మూతి తుడుస్తూనో, సంచిలో ఏదో వెతుకుతూనో కనిపిస్తుంది. ఆమెకది సెలవెలా అవుతుంది?

సాయంగా ఉంటుందని నానమ్మనో అమ్మమ్మనో తీసుకెళ్తారు. అందరూ లోపల తిరిగి వస్తుంటే ఆమె బయట బెంచీ మీద సంచులకు కాపలా. పాపం, ఆమె కూడా హైదరాబాద్ చూద్దామనే కదా వచ్చింది!

అందుకే పనుల్ని ముందే పంచుకోండి. పొద్దున్న పూట పిల్లాడి బాధ్యత నాన్నది. తిండి, డైపరు, పేచీ... అన్నీ. ఆ మూడు గంటలూ అమ్మ చేతులు ఖాళీగా ఉండాలి. సాయంత్రం మార్చుకోండి. శనివారం పిల్లాడు పడుకున్నాక పెద్దావిడ గదిలో ఉంటే ఆలుమగలిద్దరూ ఓ గంట అలా బయటికి వెళ్లి రావచ్చు. మర్నాడు ఆవిణ్ని కొడుకో కోడలో వెంటపెట్టుకుని మ్యూజియమో గుడో చూపించాలి. వెళ్లేది బిర్లా మందిరమైతే మెట్లున్నాయి, మోకాళ్ల సంగతి ముందే అడగండి. అడిగినందుకే ఆవిడ సగం సంతోషిస్తుంది.

నడిరోడ్డు మీద పిల్లాడు పడి దొర్లితే? నలుగురూ చూస్తున్నారని చెంప మీద ఒక్కటి తగిలించకండి. వాడు చెప్పేది ఒకటే, 'నాకు నిద్రొస్తోంది' అనో, 'ఆకలేస్తోంది' అనో. ఆ మాటలు వాడికింకా రావు, అందుకే ఏడుపు. ఎత్తుకుని పక్కకు తీసుకెళ్లి, కాస్త నీళ్లు పట్టి, ఓ పది నిమిషాలు కూర్చోండి. చూస్తున్న నలుగురిలో ముగ్గురు ఆ పని చేసినవాళ్లే!

సంచిలో ఇవుంటే చాలు

* రోజుకు మూడు జతల బట్టలు, పైన ఇంకో జత. మీకో జత చేతిసంచిలోనే.
* డైపర్లు, తడిబట్ట, మురికివి వేయడానికి రెండు కవర్లు.
* ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, థర్మామీటరు, డాక్టరు రాసిన జ్వరం మందు, చీటీ.
* నూలు దుప్పటి. పరుచుకోవచ్చు, కప్పుకోవచ్చు, పాలిచ్చేటప్పుడు చాటుగా వాడుకోవచ్చు.
* పిల్లాడు రోజూ పక్కన పెట్టుకుని పడుకునే బొమ్మ. ఇది మర్చిపోతే మిగతావన్నీ తెచ్చినా లాభం లేదు.
* టోపీ, దోమల నుంచి రక్షణకు పొడుగుచేతుల చొక్కా, పైజామా.
* పిల్లాడి ఆధార్. అయిదేళ్లలోపు వాళ్లకు నీలిరంగు బాల ఆధార్ ఇస్తారు.

హైదరాబాద్ వాళ్లు విశాఖకు

మరి హైదరాబాద్‌లో ఉండేవాళ్ల మాటేంటి? వాళ్లకి సముద్రముంది! విశాఖలోనూ లెక్క అదే, పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి. కైలాసగిరి మీద రోప్‌వే, బొమ్మ రైలు పిల్లలకు పండగే. రామకృష్ణా బీచ్ దగ్గర 2002లో మ్యూజియంగా మారిన కురుసుర జలాంతర్గామి ఉంది. లోపల గుండ్రటి ద్వారాలు దాటాలి కాబట్టి పిల్లాణ్ని ఎత్తుకునే తిరగాలి. మ్యూజియానికీ, అక్కడి జూకీ సోమవారమే సెలవు. ఇక సముద్రం... అక్కడి అలలు లోపలికి లాగుతాయి. ఇసుకలో గూళ్లు కట్టించండి, పాదాలు తడపాలన్నా చెయ్యి వదలొద్దు. మోకాళ్ల లోతన్నది మీ మోకాళ్ల లెక్క, వాడికది ఛాతీ లోతు!

నిజానికి రెండేళ్ల వయసులో చూసిన చార్మినార్ పిల్లాడికి పెద్దయ్యాక గుర్తుండదు. ఏనుగూ గుర్తుండదు, గడియారమూ గుర్తుండదు. 'మరెందుకండీ ఇంత శ్రమ' అంటారా? గుర్తుండేది మీకు. వాడు తొలిసారి ఏనుగును చూసి నోరు తెరిచిన క్షణం, మెట్రో కిటికీకి ముక్కు ఆనించి ఊరంతటికీ టాటా చెప్పిన క్షణం... అవి వాడు పెద్దయ్యేదాకా ఆగవు. 'కాస్త పెద్దయ్యాక వెళ్దాంలే' అని దాచుకుంటే దొరికేవీ కావు.

ఇంకేం... క్యాలెండర్ తీయండి. వచ్చే శనివారం ఖాళీయేనా?